ఊళ్లో కెమెరా.. ఫోన్‌లో బొమ్మ రావట్లేదా? పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయకపోవడానికి అసలు కారణం ఇదే కావచ్చు!

బెల్లంకొండ (పల్నాడు జిల్లా): ఇంటికి సీసీ కెమెరాలు పెట్టించారు. హాల్లో టీవీ మీద బొమ్మ అద్దంలా కనిపిస్తోంది. ఇంటి వైఫైలో ఉన్న ఫోన్‌లోనూ వస్తోంది. కానీ అదే ఫోన్ జేబులో పెట్టుకుని సత్తెనపల్లి బస్సెక్కితే చాలు.. స్క్రీన్ మీద గుండ్రంగా తిరిగే చక్రం తప్ప ఇంకేం కనిపించదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుక్కీ అదే చక్రం. అమెరికాలో ఉన్న కూతురికీ అదే చక్రం.

"నాన్నా, ఆ బాక్స్ ఒకసారి ఆపి ఆన్ చెయ్యి" అని ఇటు నుంచి.. "రెండుసార్లు చేశాన్రా, ఇంకా కనిపించట్లా?" అని అటు నుంచి. పెద్దవాళ్లు ఊళ్లో, పిల్లలు దూరంలో ఉన్న ఏ ఇంట్లోనైనా వినిపించే మాటలే ఇవి. రాత్రిపూట ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలను ఒక్కసారి చూసుకోవాలన్నదే ఆ కెమెరా వెనకున్న అసలు కారణం. అది తీరకపోతే వేలు పోసి పెట్టించిన కెమెరా గోడకు వేలాడే బొమ్మే!

దీనికి చాలామంది చెప్పే మందు ఒకటే.. 'రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చెయ్యండి'. యూట్యూబ్ వీడియో చూసి అదీ చేస్తారు. అయినా పనిచేయదు. రౌటర్ మారుస్తారు. అయినా పనిచేయదు. మరి తప్పెక్కడుంది? చాలా సందర్భాల్లో తప్పు మీరు నొక్కిన సెట్టింగ్‌లో ఉండదు. ఒక్క నంబర్ చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. అదేంటో చూద్దాం.

అసలు పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఏంటి?

మీ ఇంటిని ఒక పెద్ద లోగిలి అనుకోండి. వీధి గుమ్మం ఒక్కటే. లోపల గదులు మాత్రం చాలా ఉన్నాయి. ఒక గదిలో టీవీ, ఒక గదిలో ఫోన్, ఇంకో గదిలో కెమెరాల రికార్డింగ్ బాక్స్, అదే డీవీఆర్. ఊరందరికీ తెలిసిన అడ్రస్ వీధి గుమ్మానిది మాత్రమే. లోపలి గదుల నంబర్లు ఇంట్లో వాళ్లకే తెలుసు.

ఇంటర్నెట్‌లోనూ అంతే. మీ రౌటర్‌కు బయట ఒక అడ్రస్ ఉంటుంది. దాన్నే పబ్లిక్ ఐపీ అంటారు. ఇంట్లోని పరికరాలకు రౌటరే 192.168 తో మొదలయ్యే సొంత నంబర్లు ఇస్తుంది. ఇవి ప్రైవేట్ ఐపీలు. మీ ఇంట్లో 192.168.1.50 ఉన్నట్టే పక్కింట్లోనూ 192.168.1.50 ఉండొచ్చు. ఇవి బయట ప్రపంచంలో చెల్లవు.

లోపలి నుంచి బయటికి వెళ్లడం తేలికే. మీరు ఫోన్‌లో వీడియో నొక్కితే, ఫలానా ఫోన్ అడిగిందని రౌటర్ గుర్తుపెట్టుకుంటుంది. జవాబు రాగానే అదే ఫోన్‌కు అందిస్తుంది. చిక్కంతా బయటి నుంచి పిలవకుండా వచ్చే వాళ్లతోనే. హైదరాబాద్ నుంచి మీ అబ్బాయి ఫోన్ వచ్చి గుమ్మం తడితే, అది ఏ గదికి వెళ్లాలో రౌటర్‌కు తెలియదు. కాబట్టి తలుపు తీయదు.

అప్పుడు మనం రౌటర్‌కు ఒక మాట చెప్పి ఉంచాలి. 'ఫలానా నంబర్ చెప్పి ఎవరొచ్చినా డీవీఆర్ గదికి పంపు' అని. ఆ నంబరే పోర్ట్. ఆ చెప్పి ఉంచడమే పోర్ట్ ఫార్వర్డింగ్. పోర్ట్ నంబర్లు 0 నుంచి 65535 వరకు ఉంటాయి. డీవీఆర్ రకాన్ని బట్టి 8000, 37777 లాంటి పోర్ట్‌లు వాడుతుంటాయి. నేరుగా వీడియో పంపే ఆర్‌టీఎస్‌పీకి సాధారణంగా 554 ఉంటుంది. వెబ్ పేజీకి 80.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే.. ఈ లెక్కంతా ఒక్కదాని మీద నిలబడి ఉంది. వీధి గుమ్మం నిజంగా మీదే అయ్యుండాలి!

ముందు చూడాల్సింది ఈ ఒక్క నంబరే

ఏ సెట్టింగూ ముట్టుకోకముందే ఈ పని చేయండి.

మొదట, ఇంటి వైఫైలో ఉండి రౌటర్ పేజీలోకి వెళ్లండి. చాలా రౌటర్లకు అది 192.168.1.1 లేదా 192.168.0.1. బాక్స్ కింద అంటించిన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. లోపల 'స్టేటస్' లేదా 'ఇంటర్నెట్' అనే చోట 'వాన్ ఐపీ' అని ఒక నంబర్ ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి.

తర్వాత, అదే వైఫైలో బ్రౌజర్ తెరిచి గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని వెతకండి. అక్కడ కనిపించే నంబర్‌నూ రాసుకోండి. ఫోన్‌లో వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. అక్షరాలు, కోలన్‌లతో పొడవైన నంబర్ వస్తే అది ఐపీవీ6. మనకు ఇప్పుడు కావాల్సింది మూడు చుక్కలతో ఉండే ఐపీవీ4 నంబర్.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

* రెండూ ఒకటే అయితే.. గుమ్మం మీదే. పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేసే అవకాశం ఉంది.
* రౌటర్‌లోని నంబర్ 192.168 తోనో, 10 తోనో, లేదంటే 172.16 నుంచి 172.31 లోపో మొదలైతే.. మీ రౌటర్ ముందు ఇంకో రౌటర్ ఉంది. అది ఇంట్లో ఉండొచ్చు, కంపెనీ దగ్గరా ఉండొచ్చు.
* రౌటర్‌లోని నంబర్ 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే.. గుమ్మం మీది కాదు. అది నెట్ కంపెనీ చేతిలో ఉంది.

ఇక ఒక్కో కేసు చూద్దాం.

కేసు 1: ఇంట్లోనే రెండు గుమ్మాలు

ఇది చాలా మామూలుగా జరిగేదే. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినప్పుడు కంపెనీ వాళ్లు ఒక బాక్స్ పెడతారు. జనం దాన్ని మోడెం అంటారు. కంపెనీ వాళ్లు ఓఎన్‌టీ అంటారు. వెనక గదికి సిగ్నల్ అందట్లేదని ఇంటివాళ్లు ఇంకో వైఫై రౌటర్ కొని దానికి తగిలిస్తారు. డీవీఆర్ వైరు ఆ రెండో రౌటర్‌కు గుచ్చుతారు.

చాలామందికి తెలియని సంగతేంటంటే.. కంపెనీ ఇచ్చే ఆ మోడెం ఒట్టి మోడెం కాదు. అందులోనూ రౌటర్ ఉంటుంది. అంటే వీధి గుమ్మం దాటాక ఇంకో గుమ్మం. మీరు రెండో గుమ్మం దగ్గర మాత్రమే చెప్పి ఉంచారు. మొదటి గుమ్మం దగ్గరున్న వాడికి ఆ సంగతి తెలియదు. వచ్చిన వాళ్లను అక్కడి నుంచే పంపించేస్తున్నాడు. దీన్నే డబుల్ నాట్ అంటారు.

దీనికి మూడు దారులున్నాయి.

మొదటిది, అన్నిటికన్నా తేలికైనది. రెండో రౌటర్‌ను 'యాక్సెస్ పాయింట్' మోడ్‌లోకి మార్చండి. అప్పుడది వైఫై మాత్రమే పంచుతుంది, రౌటర్ పని మానేస్తుంది. గుమ్మం ఒక్కటే మిగులుతుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ కంపెనీ బాక్స్‌లో చేస్తే సరిపోతుంది. మోడ్ మారాక డీవీఆర్ ఐపీ కూడా మారుతుంది, అది చూసుకోండి.

రెండోది, రెండు చోట్లా చెప్పి ఉంచడం. ఉదాహరణకు కంపెనీ బాక్స్ 192.168.1.1 అనుకుందాం. అది మీ రౌటర్‌కు 192.168.1.5 ఇచ్చింది. మీ రౌటర్ లోపలి నంబర్ 192.168.0.1. డీవీఆర్‌ది 192.168.0.50. అప్పుడు కంపెనీ బాక్స్‌లో 8000 పోర్ట్‌ను 192.168.1.5 కు పంపాలి. మీ రౌటర్‌లో 8000 పోర్ట్‌ను 192.168.0.50 కు పంపాలి. రెండు బాక్సులూ లోపల ఒకే 192.168.1 వరస వాడుతుంటే దారి తికమక అవుతుంది. మీ రౌటర్ వరసను 192.168.0 కు మార్చేయండి.

మూడోది బ్రిడ్జ్ మోడ్. కంపెనీ బాక్స్‌ను ఒట్టి మోడెంగా మార్చి, మీ రౌటర్‌లో పీపీపీవోఈ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టి నెట్ తెచ్చుకోవడం. పని చక్కగా అవుతుంది. కానీ జాగ్రత్త! ఆ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ చేతిలో లేకుండా బ్రిడ్జ్ మోడ్ నొక్కితే ఉన్న నెట్టూ పోతుంది. ఇంకో సంగతి.. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్ అంటే నెట్ ఒక్కటే కాదు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే తీగ మీద ఇవ్వడానికే వచ్చింది. ఇలాంటి ఏ కంపెనీ కనెక్షన్‌లోనైనా బాక్స్ సెట్టింగ్ తెలియకుండా మారిస్తే, నాన్న చూసే టీవీ ఛానళ్లు ఆగిపోయే ప్రమాదం ఉంది. కంపెనీ టెక్నీషియన్‌ను అడిగే చేయించుకోండి.

కేసు 2: గుమ్మమే మీది కాదు.. సీజీ నాట్

అసలు చిక్కు ఇది. యూట్యూబ్ వీడియోలు చాలావరకు చెప్పనిదీ ఇదే.

ఐపీవీ4 పద్ధతిలో ప్రపంచం మొత్తానికి ఉన్న అడ్రస్‌లు దాదాపు 429 కోట్లు. వినడానికి చాలా ఎక్కువ. కానీ ఒక్క భారత్ జనాభాయే 140 కోట్లు దాటింది. ఒక్కొక్కరికీ ఫోన్, టీవీ, ల్యాప్‌టాప్, కెమెరా! అడ్రస్‌లు ఎక్కడ సరిపోతాయి? ప్రపంచ స్థాయిలో అడ్రస్‌లు పంచే ఐయానా తన దగ్గరున్న చివరి కట్టలను 2011 ఫిబ్రవరి 3న పంచేసింది. మన ఆసియా ప్రాంతానికి అడ్రస్‌లు ఇచ్చే ఏపీనిక్ దగ్గర అదే ఏడాది ఏప్రిల్‌లో చివరి కట్ట మాత్రమే మిగిలింది. అప్పటి నుంచి రేషన్ ఇచ్చినట్టు కొద్దికొద్దిగానే ఇస్తున్నారు.

మరి కొత్తగా చేరే లక్షల కనెక్షన్లకు అడ్రస్ ఎలా? కంపెనీలు ఒక ఉపాయం పట్టాయి. మన ఇంట్లో రౌటర్ చేసే పనినే కంపెనీ పెద్ద ఎత్తున చేస్తుంది. ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు కలిపి వాడుతుంది. దీన్నే క్యారియర్ గ్రేడ్ నాట్, పొట్టిగా సీజీ నాట్ అంటారు. ఇందుకోసమే 2012 ఏప్రిల్‌లో 100.64 నుంచి 100.127 వరకు ఉన్న దాదాపు 42 లక్షల నంబర్లను పక్కన పెట్టారు. మీ రౌటర్‌లో ఆ నంబర్ కనిపించిందంటే అర్థం ఇదే. కొన్ని కంపెనీలు ఇదే పనికి 10 తో మొదలయ్యే నంబర్లూ వాడతాయి. కాబట్టి ఇంట్లో బాక్స్ ఒక్కటే ఉండి, దాని వాన్ ఐపీ 10 తో మొదలైతే అదీ ఇదే బాపతు అనుకోవచ్చు.

అంటే మీ ఇల్లు ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాట్. మీ ఫ్లాట్ తలుపు మీద ఎన్ని బోర్డులు పెట్టినా కింద మెయిన్ గేటు దగ్గరున్న వాచ్‌మన్ లోపలికి వదలడు. వాచ్‌మన్‌కు చెప్పే అధికారం మీకు లేదు. రౌటర్ మార్చినా, ఖరీదైనది కొన్నా, డీవీఆర్ మార్చినా ఫలితం ఉండదు. కొత్త రౌటర్‌కు డబ్బు పెట్టేముందు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

అయితే దారులు లేకపోలేదు. కంపెనీని స్టాటిక్ ఐపీ అడగొచ్చు. చాలా కంపెనీలు అదనపు చార్జీ మీద ఇస్తాయి. లేదా ఐపీవీ6 వాడుకోవచ్చు. ఇందులో అడ్రస్‌లకు కరువు లేదు. ఇంట్లో ఒక్కో పరికరానికి సొంత పబ్లిక్ అడ్రస్ దొరుకుతుంది. మన దేశంలో 4జీ, 5జీ మొబైల్ నెట్‌వర్క్‌లలో ఐపీవీ6 బాగా వాడుకలో ఉంది. కాకపోతే నెట్ కంపెనీ, రౌటర్, డీవీఆర్, బయటి ఫోన్.. నాలుగూ ఐపీవీ6 కు పనికొచ్చేవే అయ్యుండాలి. ఇక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ బదులు రౌటర్ ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పరికరానికి అనుమతి ఇవ్వాలి. అసలు గుమ్మమే తెరవని దారులు ఇంకో రెండున్నాయి. అవి కింద చూద్దాం.

కేసు 3: నంబర్లు కలిశాయి.. అయినా బొమ్మ రాలేదు!

గుమ్మం మీదేనని తేలింది. అప్పుడు తప్పు సెట్టింగ్‌లో ఉన్నట్టే. ఈ వరసలో ఒక్కోటీ చూసుకోండి.

1. ఎక్కడి నుంచి చూస్తున్నారు? ఇంటి వైఫైలోనే ఉండి బయటి ఐపీ కొట్టి 'రావట్లేదు' అంటే లెక్కలోకి రాదు. లోపలి నుంచి బయటికెళ్లి మళ్లీ లోపలికి తిరిగొచ్చే దారి చాలా రౌటర్లకు తెలియదు. వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో చూడండి. ఈ ఒక్క పొరపాటు వల్ల బాగా పనిచేస్తున్న సెట్టింగ్‌నే మళ్లీ మళ్లీ కెలికేవాళ్లు ఉన్నారు.

2. లోపల పనిచేస్తోందా? ఇంటి వైఫైలో డీవీఆర్ లోపలి ఐపీ, పోర్ట్ కొట్టి చూడండి. అక్కడే రాకపోతే తప్పు డీవీఆర్‌ది. రౌటర్‌ను తిట్టి లాభం లేదు.

3. కరెంటు పోయి వచ్చిందా? ఇది ఊళ్లలో పెద్ద కారణం. కరెంటు రాగానే రౌటర్ మళ్లీ మొదటి నుంచి నంబర్లు పంచుతుంది. నిన్న 192.168.1.50 ఉన్న డీవీఆర్‌కు ఇవాళ 192.168.1.53 రావొచ్చు. మీరు చెప్పి ఉంచింది 50 కు కదా! వచ్చినవాళ్లు ఖాళీ గదికి వెళ్తున్నారన్నమాట. రౌటర్‌లో 'డీహెచ్‌సీపీ రిజర్వేషన్' లేదా 'అడ్రస్ రిజర్వేషన్' అనే చోట డీవీఆర్‌కు ఎప్పుడూ ఒకే నంబర్ దక్కేలా కట్టేయండి.

4. డీవీఆర్‌లో గేట్‌వే సరిగ్గా ఉందా? డీవీఆర్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 'గేట్‌వే' అని ఒకటుంటుంది. అక్కడ రౌటర్ నంబర్ ఉండాలి. అది తప్పుగా ఉంటే ఇంట్లో బొమ్మ వస్తుంది కానీ బయటికి రాదు. ఎందుకంటే బయటి నుంచి వచ్చిన పిలుపు డీవీఆర్‌కు అందినా, జవాబు ఏ దారిన పంపాలో దానికి తెలియదు. 'ఇంట్లో వస్తోంది, బయట రావట్లేదు' అన్నప్పుడు రౌటర్‌తో పాటు ఇదీ చూడాలి.

5. టీసీపీనా, యూడీపీనా? రౌటర్ రూల్‌లో ఈ రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోమంటుంది. డీవీఆర్ యాప్‌లు ఎక్కువగా టీసీపీ వాడతాయి. తప్పుగా యూడీపీ పెడితే రూల్ ఉన్నా లేనట్టే.

6. పోర్ట్ నంబర్ కంపెనీ మూసేసిందా? 80 లాంటి పోర్ట్‌లను కొన్ని కంపెనీలు ఇళ్ల కనెక్షన్లకు మూసి ఉంచుతాయి. రౌటర్ పేజీ కూడా అదే పోర్ట్ వాడుకుంటూ ఉండొచ్చు. బయటి పోర్ట్‌ను 50080 లాంటి పెద్ద నంబర్‌కు మార్చి, లోపలి పోర్ట్‌ను 80 గానే ఉంచి చూడండి. యాప్‌లో కొత్త నంబర్ కొట్టడం మర్చిపోవద్దు.

7. నిన్న వచ్చింది, ఇవాళ రాలేదా? అయితే మీ పబ్లిక్ ఐపీయే మారి ఉంటుంది. స్టాటిక్ ఐపీ లేని కనెక్షన్లలో బాక్స్ ఆపి ఆన్ చేస్తే కొత్త నంబర్ రావడం మామూలే. 'బాక్స్ ఆపి ఆన్ చెయ్యి' అన్న సలహా ఒక్కోసారి బెడిసికొట్టేది ఇందుకే! దీనికి డీడీఎన్ఎస్ అనే ఏర్పాటు ఉంది. నంబర్ మారినా పేరు మారకుండా చూస్తుంది. చాలా రౌటర్లలో, డీవీఆర్‌లలో ఈ సెట్టింగ్ ఉంటుంది. సీజీ నాట్ ఉన్నచోట మాత్రం ఇది కూడా పనికిరాదు.

ఎర్రర్‌ను బట్టి తప్పెక్కడో పట్టేయొచ్చు

బయటి నుంచి పరీక్షించినప్పుడు వచ్చే సమాధానాన్ని గమనించండి. అందులోనే సగం జవాబు ఉంటుంది.

వెంటనే 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అని వచ్చిందా? అంటే పిలుపు ఎవరికో అందింది, వాళ్లు వద్దన్నారు. సాధారణంగా గది వరకు చేరింది కానీ ఆ పోర్ట్‌లో వినేవాళ్లు లేరన్నమాట. డీవీఆర్‌లో పోర్ట్ నంబర్, దాని ఐపీ సరిచూసుకోండి.

చాలాసేపు తిరిగి తిరిగి 'టైమ్డ్ అవుట్' అని వచ్చిందా? అంటే పిలుపు దారిలోనే మాయమైంది. సీజీ నాట్, డబుల్ నాట్, ఫైర్‌వాల్, లేదంటే డీవీఆర్ గేట్‌వే తప్పు.. వీటిలో ఒకటి అయ్యే అవకాశం ఎక్కువ. ఇది ఒక సూచన మాత్రమే. అయినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

కల్లంలో సిమ్ కెమెరా పెడితే?

పల్నాడులో ఏటా ఎండాకాలం ముందు కల్లాల నిండా ఎర్రటి మిర్చి ఆరబోసి ఉంటుంది. ఏడాది కష్టమంతా పట్టాల మీద ఆకాశం కింద పరిచి ఉంటుంది. రాత్రిళ్లు కాపలా పడుకునే రైతుకు కెమెరా ఒక తోడు. కానీ పొలం దగ్గరికి ఫైబర్ తీగ ఎక్కడిది? అందుకే 4జీ సిమ్ వేసే కెమెరాలు వాడతారు.

ఇక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి వెళ్లకండి. మొబైల్ నెట్‌వర్క్‌లో ఐపీవీ4 సాధారణంగా సీజీ నాట్ వెనకే ఉంటుంది. సిమ్ వేసే రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ మెనూ కనిపించినా, అది తెరిచేది మీ గుమ్మాన్నే కానీ కంపెనీ గేటును కాదు. ఇలాంటి చోట క్లౌడ్ యాప్‌తో నడిచే కెమెరా కొనడమే మేలు. కొనేముందే షాపులో అడగండి.. 'ఇది యాప్‌తో సిమ్ మీద పనిచేస్తుందా?' అని.

గుమ్మం తెరిస్తే వచ్చేది మీ అబ్బాయి ఒక్కడే కాదు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పోర్ట్ తెరవడమంటే మీ ఒక్కరికే తెరవడం కాదు. ప్రపంచం మొత్తానికి తెరవడం. తెరిచి ఉన్న పోర్ట్‌ల కోసం ఇంటర్నెట్ అంతా జల్లెడ పట్టే ప్రోగ్రామ్‌లు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. బెల్లంకొండలో ఇల్లు ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. వాటికి ఊరి పేరుతో పనిలేదు, నంబర్ చాలు.

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చేసింది ఇదే. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లలోకి లక్షల సంఖ్యలో దూరింది. ఆ ఏడాది అక్టోబర్ 21న అలాంటి పరికరాలతోనే డిన్ అనే సంస్థ మీద దాడి జరిగింది. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు అమెరికాలో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. ఇంట్లో గోడకున్న కెమెరా యజమానికి తెలియకుండానే దొంగల చేతిలో ఆయుధమైంది.

మన దేశంలోనూ తక్కువేం జరగలేదు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరా దృశ్యాలు ఆన్‌లైన్‌లో బయటపడి కలకలం రేగింది. హ్యాక్ చేసి అమ్ముకున్నట్టు పోలీసులు తేల్చి అరెస్టులు చేశారు. ఆసుపత్రిలో మహిళలకు జరిగింది, ఇంట్లో అమ్మకు జరగదని ఎవరు చెప్పగలరు? కేంద్రం కూడా 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షల నిబంధనలు కచ్చితం చేసింది.

తప్పనిసరై పోర్ట్ తెరవాల్సి వస్తే ఇవి పాటించండి.

* డీవీఆర్‌తో వచ్చిన పాస్‌వర్డ్‌ను ముందే మార్చండి. అడ్మిన్, 12345, ఫోన్ నంబర్ లాంటివి వద్దే వద్దు. పెట్టించిన టెక్నీషియన్‌కు తెలిసిన పాస్‌వర్డ్ కూడా మార్చేయండి.
* డీవీఆర్, రౌటర్ రెండిటి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి.
* కావాల్సిన ఒక్క పోర్టే తెరవండి. 'డీఎంజెడ్' సెట్టింగ్ పెడితే చాలన్న సలహా వినకండి. అది అన్ని పోర్ట్‌లనూ ఒకేసారి తెరిచేస్తుంది.
* రౌటర్‌లో 'యూపీఎన్‌పీ' ఆపేయండి. ఇది ఆన్‌లో ఉంటే లోపలి పరికరాలు మిమ్మల్ని అడగకుండానే పోర్ట్‌లు తెరుచుకుంటాయి.
* రౌటర్ పేజీ బయటి నుంచి తెరుచుకునే 'రిమోట్ మేనేజ్‌మెంట్' ఆపి ఉంచండి.
* పని అయిపోయాక వాడని రూల్స్ తీసేయండి.
* పడక గది వైపు కెమెరా పెట్టకండి. పెట్టని కెమెరాను ఎవరూ హ్యాక్ చేయలేరు.

గుమ్మం తెరవకుండానే చూసే దారులు

నిజానికి చాలా ఇళ్లకు పోర్ట్ ఫార్వర్డింగ్ అవసరమే లేదు!

మొదటి దారి డీవీఆర్ కంపెనీ ఇచ్చే పీటూపీ యాప్. డీవీఆర్ మీద, లేదా దాని మెనూలో ఉండే క్యూఆర్ కోడ్‌ను యాప్‌తో స్కాన్ చేస్తే చాలు. ఇక్కడ డీవీఆరే లోపలి నుంచి బయటికి వెళ్లి కంపెనీ సర్వర్‌తో మాట కలిపి ఉంచుతుంది. లోపలి నుంచి బయటికి దారి ఎప్పుడూ తెరిచే ఉంటుందని పైన చెప్పుకున్నాం కదా! అందుకే సీజీ నాట్ ఉన్నా, డబుల్ నాట్ ఉన్నా ఇది పనిచేస్తుంది. కాకపోతే నమ్మకం ఆ కంపెనీ సర్వర్ మీద పెడుతున్నట్టే. కాబట్టి పేరున్న కంపెనీ, గట్టి పాస్‌వర్డ్, రెండంచెల లాగిన్ ఉండేలా చూసుకోండి. ఆ క్యూఆర్ కోడ్ ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

రెండో దారి వీపీఎన్. టెయిల్‌స్కేల్ లాంటి యాప్‌లు మీ ఫోన్‌నూ, ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటర్‌నూ ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కలుపుతాయి. ఆ కంప్యూటర్ ద్వారా డీవీఆర్‌ను చూడొచ్చు. ఇవి కూడా లోపలి నుంచే బయటికి దారి వేసుకుంటాయి. కొంచెం కంప్యూటర్ తెలిసిన పిల్లలు సెలవులకు ఊరొచ్చినప్పుడు ఒక పూట కూర్చుంటే అయిపోయే పని.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఏం అడగాలి?

'నెట్ రావట్లేదు' అంటే వాళ్లు చెప్పేది ఒక్కటే.. ఆపి ఆన్ చేయమని. నెట్ వస్తూనే ఉంది కదా! అందుకే సూటిగా ఈ నాలుగు అడగండి. నా కనెక్షన్‌కు పబ్లిక్ ఐపీ ఉందా, సీజీ నాట్ వెనక ఉందా? స్టాటిక్ ఐపీ ఇస్తారా, నెలకు ఎంత? ఐపీవీ6 ఉందా? బాక్స్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో పెడితే టీవీ, ఫోన్ ఆగిపోతాయా? జవాబుతో పాటు కంప్లయింట్ నంబర్ కూడా రాసుకోండి.

ఒక్క చూపులో..

* ముందు రౌటర్‌లోని వాన్ ఐపీ, బయట కనిపించే ఐపీ పోల్చి చూడండి.
* ఒకటే అయితే సెట్టింగ్ సరిచేసుకోవచ్చు. పరీక్ష మాత్రం మొబైల్ డేటాతోనే చేయండి.
* ఇంట్లో రెండు రౌటర్లుంటే రెండోదాన్ని యాక్సెస్ పాయింట్ చేయండి.
* 100.64 నుంచి 100.127 లోపు ఉంటే రౌటర్ మార్చి డబ్బు వృథా చేసుకోవద్దు. స్టాటిక్ ఐపీ, ఐపీవీ6, లేదా పీటూపీ యాప్ చూడండి.
* డీవీఆర్‌కు లోపల ఒకే ఐపీ కట్టేయండి. కరెంటు పోయినా మారదు.
* పాస్‌వర్డ్ మార్చకుండా ఒక్క పోర్ట్ కూడా తెరవకండి.

ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు 'నాన్నా, బాక్స్ ఆపి ఆన్ చెయ్యి' అనకండి. 'నాన్నా, రౌటర్ పేజీలో వాన్ ఐపీ ఎంతుందో ఒకసారి చదువు' అనండి. ఆ ఒక్క నంబర్‌తో సగం సమస్య అక్కడే తేలిపోతుంది.